తూము తాళంచెవి

2022 మే 24, మంగళవారం. చీకటి పడే వేళ. ముమ్మిడివరం దగ్గర ఒక పల్లె. మేడ మీద గదిలో ఇరవై ఆరేళ్ళ అమ్మాయి షిఫ్టుకు కూర్చుంది. కింద వసారాలో వాళ్ళమ్మ ఆవకాయ జాడీలకు వాసెన కడుతోంది. మర్నాటి నుంచి రోహిణి కార్తె. పగలంతా కాగిన గోడలు ఇంకా సెగలు కక్కుతున్నాయి.

సాయంత్రం నుంచి ఫోన్లో వీడియోలే వీడియోలు. అమలాపురం వీధుల్లో జనం, రాళ్ళు, మంటలు. తూర్పు గోదావరి నుంచి విడివడి ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరుస్తామని ప్రభుత్వం అంతకు వారం కిందటే ప్రకటించింది. దానిపై రేగిన ఆందోళన ఆ రోజు అదుపు తప్పింది. మంత్రి ఇంటికీ, ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు. బస్సులు తగలబడ్డాయి. పోలీసులకు దెబ్బలు తగిలాయి. ఆమె చూస్తూ ఉండగానే ఒక వీడియో సగంలో ఆగిపోయి, గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. ఎంతకీ ఆగదే!

ల్యాప్‌టాప్ తెర మీదా అదే గుండ్రం. ఫోన్ హాట్‌స్పాట్ ఆపి మళ్ళీ వేసింది. సిమ్ము తీసి తుడిచి పెట్టింది. డాబా ఎక్కి ఫోను పైకెత్తి నాలుగు దిక్కులా తిప్పింది. ఎటు తిప్పినా ఒకటే. జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు. అవతల అమెరికాలో పొద్దు పొడిచే వేళయింది. తెల్లారేలోగా ఆమె పూర్తి చేయాల్సిన క్లెయిములు వరుసలో నిలబడి ఉన్నాయి.

ఈ అమ్మాయికి ఇక్కడ పేరు పెట్టలేదు. మే నెలాఖరులో ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని సిగ్నలు వెతుక్కుంటూ బయల్దేరిన కోనసీమ ఉద్యోగులందరి తరఫునా నిలబెట్టిన మనిషి ఆమె. ఆమె ఇల్లు, మాటలు, ఆమెకు వచ్చిన ఫోను ఊహించి రాసినవి. తేదీలు, ఊళ్ళు, వరదలు, దొంగతనాలు మాత్రం నిజమైనవి.

ఆఫీసు మనింటికొచ్చింది

ఆమె చేసేది వైద్య బిల్లుల పని. అమెరికాలో ఎవరో ఆసుపత్రిలో చేరతారు. వాళ్ళకు ఏ జబ్బు, ఏ మందు, ఏ ఆపరేషన్, బీమా సంస్థ ఎంత ఇవ్వాలి అన్న వివరాలన్నీ ఆమె తెర మీదికి వస్తాయి. ఎన్నడూ చూడని మనుషుల గుట్లు అవి. ఒకాయన కాలేయం సంగతి, ఒకావిడ గర్భస్రావం సంగతి వాళ్ళ చుట్టాలకైనా తెలుసో లేదో గానీ, కోనసీమలో ఈ పిల్లకు తెలుసు.

హైదరాబాద్ ఆఫీసులో ఉన్నప్పుడు ఆ గుట్టుకు చుట్టూ కాపలా ఉండేది. గేటు దగ్గర కార్డు గీకాలి. ఫోను లాకర్లో పెట్టాలి. హాల్లోకి కాగితం, కలం కూడా తీసుకెళ్ళకూడదు. పెన్‌డ్రైవ్ అయితే సరేసరి. 2020 మార్చి 24 రాత్రి ప్రధాని లాక్‌డౌన్ ప్రకటించాక అదంతా ఒక్కసారిగా మారింది. అప్పటిదాకా ఇలాంటి బీపీఓ పనులు ఇంటి నుంచి చేయాలంటే టెలికాం శాఖ నిబంధనలు బోలెడు అడ్డొచ్చేవి. కరోనా వేళ వాటిని సడలించారు. ఆ నవంబర్ 5న కొత్త మార్గదర్శకాలు తెచ్చి ఇంటి నుంచి పనికి దారి శాశ్వతంగా తెరిచారు. సడలింపు రాగానే సంచిలో కంపెనీ ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆమె ఊరు చేరింది. రెండు నెలల్లో వెళ్ళిపోదామనుకున్నది రెండేళ్ళు దాటింది.

ఉద్యోగమైతే ఇంటికి వచ్చింది గానీ, గేటు దగ్గరి కాపలా మనిషి వెంట రాలేదు. లాకరు రాలేదు. మేడ మీద గదికి గడియ కూడా సరిగ్గా పడదు. తమ్ముడు ఆన్‌లైన్ క్లాసులకు అదే ల్యాప్‌టాప్ తీసుకునేవాడు. ఒకసారి స్నేహితుడి పెన్‌డ్రైవ్‌లో సినిమా తెచ్చి దానికి గుచ్చబోతే, కంపెనీ వాళ్ళు ఆ రంధ్రం పని చేయకుండా కట్టేసి ఉంచారు కాబట్టి సరిపోయింది. పాస్‌వర్డు గోడ మీది క్యాలెండర్‌లో, జీతం పడిన తేదీ పక్కన, పెన్సిల్‌తో రాసి ఉండేది.

ఆ క్యాలెండర్ చూసి ఒకనాడు తాతయ్య అడిగాడు. ఇరిగేషన్‌లో లస్కరుగా చేసి రిటైరైన మనిషి ఆయన. పంట కాలువ తూముల షట్టర్లు ఎత్తడం, దించడం, గట్ల మీద తిరగడం, ఇదే ముప్ఫై ఏళ్ళ కొలువు.

"ఇదేంటమ్మాయ్, గోడ మీద రాశావు?"

"ఆఫీసుది తాతా. మర్చిపోతానని."

"నాకో తూము తాళంచెవి ఉండేది. పడుకున్నా మొలతాడుకే ఉండేది. ఒక ఎండాకాలం మన చేనే ఎండిపోతోందని మీ నాన్న అర్ధరాత్రి వచ్చి అడిగాడు. ఇవ్వలేదు. ఆర్నెల్లు మాట్లాళ్ళేదు నాతో."

ఆమె నవ్వి ఊరుకుంది. ఆ మాట లోతు ఆమెకు అప్పుడు తెలియలేదు.

గట్టు మీద ఆఫీసు

బుధ, గురువారాలు ఎదురుచూపుల్లో గడిచిపోయాయి. ఇంటర్నెట్ నిషేధం పొడిగిస్తూ పోయారు. శుక్రవారం పొద్దున్నే ఆమె ఆటో ఎక్కి ఎదుర్లంక దిగింది. అక్కడ గౌతమి మీద బాలయోగి వంతెన. అది దాటితే యానాం, అంటే పుదుచ్చేరి. పాలన వేరు, ఉత్తర్వులు వేరు. అక్కడ నెట్ ఆగలేదు. అవతలి టవర్ల సిగ్నలు కాస్తో కూస్తో ఇవతలి గట్టు మీదికి కూడా అందుతోందని ఊరంతా చెప్పుకుంటున్నారు. కొందరు రాజమండ్రి, కాకినాడ వెళ్ళి చుట్టాల ఇళ్ళలో దిగారు. వెళ్ళలేనివాళ్ళు గోదారి ఒడ్డునే కూర్చున్నారు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో చెట్టు నీడ దొరికితే అదే క్యాబిన్. ఒకడు బైకు సీటు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నిలబడే మీటింగులో ఉన్నాడు. ఇంకొకామె చున్నీ తల మీంచి తెర మీదికి కప్పుకుని ఆ గుడారంలోకి తొంగిచూస్తూ టైపు చేస్తోంది. పక్కన తాటిముంజెలు అమ్మే ముసలాయన వీళ్ళందరినీ ఆశ్చర్యంగా చూస్తున్నాడు.

మన అమ్మాయి ఒక కొబ్బరి చెట్టు మొదట్లో కూర్చుని తెర తెరిచింది. ఎండకు ఏమీ కనబడలేదు. వెలుతురు చివరికంటా పెంచింది. పెంచగానే వెనక నుంచి ఎవరో, "అమెరికా పేరేనా అండీ అది? కేన్సరా పాపం?" అన్నారు. ఆమె చటుక్కున మూసేసింది. అడిగినవాడిలో దురుద్దేశం లేదు. ఎవరికో బాగోలేదని జాలిపడ్డాడు, అంతే. కానీ వేల మైళ్ళ అవతల ఒక మనిషి డాక్టరుకు మాత్రమే చెప్పుకున్న మాట, గోదారి గట్టు మీద ముంజెల బండి పక్కన బయటపడింది.

ఆమె ఫోనుకు సిగ్నలు ఒక గీత వచ్చి రెండు గీతలు పోతోంది. పక్క కుర్రాడు చూశాడు. "నాది బానే వస్తోందండి. హాట్‌స్పాట్ పెట్టాను, పాస్‌వర్డు లేదు, కలిపేసుకోండి. అందరూ వాడుతున్నారు." మంచి మనసుతో అన్న మాటే. వంతెన దాటితే యానాంలో నెట్ సెంటరు ఉందని ఇంకొకరు చెప్పారు. ఆఫీసు స్నేహితురాలు మామూలు ఫోన్ కాల్ చేసి మూడో ఉపాయం చెప్పింది: "తెర ఫొటోలు తీసి ఎలాగోలా నాకు వాట్సాప్ చెయ్యవే. నేను కొట్టేస్తాను. ఎవరికి తెలుస్తుంది?"

మూడు దారులూ మూడు గండ్లు. ఆ తొందరలో ఒక్కటీ గండిలా కనబడలేదు.

తాళం లేని హాట్‌స్పాట్ అంటే ఊరి చెరువు. ఎవరైనా దిగవచ్చు. ఆ నెట్‌వర్కు నడిపేవాడికీ, అందులో ఉన్న మరొకడికీ, రక్షణ లేకుండా పోయే సమాచారం చిక్కే వీలుంది. దాన్ని తట్టుకోవడానికే కంపెనీలు వీపీఎన్ ఇస్తాయి. కోనసీమ వాళ్ళకు అది చెప్పడం తేలిక. గన్నవరం అక్విడక్టు చూడండి. కింద వైనతేయ పాయ పోతుంటుంది, పైన కట్టిన తొట్టిలో కాలువ నీళ్ళు పోతుంటాయి. ఒకే చోట రెండూ దాటుకుంటాయి, కలవవు. వీపీఎన్ అలాంటి తొట్టి. అయితే అది దారిని మాత్రమే కాపాడుతుంది. కాలువ మొదట్లోనే ఎవడైనా విషం కలిపితే అక్విడక్టు ఏం చేస్తుంది? విషాన్ని భద్రంగా అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. ల్యాప్‌టాప్‌లోనే దొంగ ప్రోగ్రామ్ కూర్చుంటే వీపీఎన్ చేసేదీ అదే. నెట్ సెంటర్ కంప్యూటర్ సంగతి ఇక చెప్పనక్కరలేదు. మీకంటే ముందు అందులో ఎవరు కూర్చున్నారో, ఏం దించి పోయారో ఎవరికి తెలుసు? వాట్సాప్ ఫొటో అయితే ఇద్దరి ఫోన్లలోనూ ఉండిపోతుంది, వాటి బ్యాకప్పుల్లోకీ పోతుంది. వెనక్కి పిలవలేం.

అంతలో ఫోను మోగింది. తెలియని నంబరు.

"మేడం, ఐటీ సపోర్ట్ నుంచి మాట్లాడుతున్నాం. కోనసీమ స్టాఫ్‌కి స్పెషల్ యాక్సెస్ ఇస్తున్నాం. ఒక చిన్న యాప్ వేసుకోండి. మీకు ఓటీపీ వస్తుంది. అది చెబితే మీ సిస్టమ్ మేమే సెట్ చేసేస్తాం."

మూడు రోజులుగా ఎవరైనా ఈ మాట అంటే బాగుండునని ఎదురుచూసిన పిల్ల ఆమె. వేలు తెర మీదికి వెళ్ళింది.

బ్యాంకులో పడిన కన్నం

ఆమె వేలిని అక్కడే ఆపి, ఒక నాలుగు నెలలు వెనక్కి వెళ్దాం. హైదరాబాద్. 2022 జనవరి 24, సోమవారం. ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు. వారాంతం దాటేసరికి బ్యాంకు నుంచి 12 కోట్ల 48 లక్షల రూపాయలు మాయమయ్యాయి. తుపాకీ లేదు, ముసుగు లేదు, పగిలిన తాళం లేదు.

హైదరాబాద్ పోలీసులు రెండు నెలలు తవ్వి మార్చి నెలాఖరున ఆ కథ బయటపెట్టారు. మొదలు అంతకు ముందటి నవంబర్‌లో ఉంది. బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా దొంగ ఈమెయిళ్ళు వచ్చాయి. ఇద్దరు తెరిచారు. తెరవగానే ఆ కంప్యూటర్లలో ఒక ప్రోగ్రామ్ దిగింది. దూరాన ఉన్నవాడు మన కంప్యూటర్‌ను మన పక్కనే కూర్చున్నట్టు నడపడానికి పనికొచ్చే రకం అది. మీటల మీద వేళ్ళు ఏం కొడుతున్నాయో కూడా రాసి పంపుతుంది. దొంగలు తొందరపడలేదు. రెండు నెలలకు పైగా లోపలే తిరిగారు. లోపల అడ్డు గోడలు లేవు. ఒక గదిలోకి వచ్చినవాడు అన్ని గదుల్లోకీ వెళ్ళగలిగాడు. సర్వాధికారాలున్న ఖాతాలు పది ఉన్నాయి, వాటిలో కొన్నిటికి ఒకటే పాస్‌వర్డు. అది దొరికాక దొంగలే బ్యాంకు యజమానులయ్యారు. తమ మనుషుల ఖాతాల్లో నిల్వలు పెంచారు. ఆ సొమ్మును 115 ఖాతాలకు, అక్కణ్ణుంచి 398 ఖాతాలకు చిమ్మారు. దేశమంతటా 938 ఏటీఎంల నుంచి డబ్బు తీశారు. కొంత సొమ్మును మాత్రం మధ్యలో ఆపగలిగారు. మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

ఇందులో ఒక సంగతి మీద నిలవాలి. మెయిలు తెరిచిన ఇద్దరినీ తిట్టడం సులువు. కానీ 200 ఉత్తరాలు వచ్చాయంటే మిగిలిన చాలామంది కంట కూడా అవి పడే ఉంటాయి. ఇదేదో తేడాగా ఉందని ఒక్కరు అరిచి, ఆ అరుపు వినే మనిషి ఒకరు ఉంటే ఆ నవంబర్‌లోనే కథ ముగిసేది. కన్నం ఉండటం ఒక తప్పు. కన్నం చూసి చెప్పే అలవాటు లేకపోవడం అంతకంటే పెద్ద తప్పు. సర్వాధికారపు తాళంచెవులు పది చేయించి, కొన్నిటిని ఒకే మూసలో పోయడం ఇంకా పెద్ద తప్పు. అది గుమాస్తాది కాదు, యాజమాన్యానిది.

"ఎవరండీ మీరు?"

గట్టు మీద ఆ అమ్మాయి వేలు ఆగింది. ఆపింది తెలివి కూడా కాదు, ఒక చిన్న ఇబ్బంది. ఫోన్లో గొంతు ఆమెను 'మేడం' అంది గానీ పేరు పెట్టి పిలవలేదు. ఆఫీసులో అందరూ పేరు పెట్టే పిలుస్తారు.

"ఎవరండీ మీరు? మీ ఉద్యోగి నంబరు చెప్పండి. నేను మన హెల్ప్‌డెస్క్‌కి చేసి కనుక్కుంటాను."

"మేడం, టైం లేదు. ఇప్పుడు చేయకపోతే మీ లాగిన్ లాక్ అయిపోతుంది."

టైం లేదు. అన్ని దొంగతనాల్లోనూ ఉండే మాట ఇది. పార్సిల్ ఆగిపోయిందన్నా, కరెంటు కట్ చేస్తామన్నా, కేవైసీ గడువు అయిపోయిందన్నా, వెనక ఈ రెండు ముక్కలే. ఆలోచించే వ్యవధి మనకు ఇవ్వకపోవడమే వాళ్ళ పెట్టుబడి. ఆమె ఫోను పెట్టేసింది. చేతులు వణికాయి. అప్పుడు చేయాల్సిన పని ఒకటుంది, దానికే ఎక్కువ ధైర్యం కావాలి. టీమ్ లీడ్‌కు ఫోన్ చేసి, పని కాలేదని, కాదని, ఇలా ఒక ఫోను కూడా వచ్చిందని చెప్పాలి.

అమెరికా క్లయింటు, గడువు, రేటింగు, ఇంక్రిమెంటు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఒక్క ఫొటో పంపితే ఇవేవీ లేవు. చాలామంది ఇక్కడే జారతారు. భద్రత గురించి తెలియక కాదు, నిజం చెబితే ఏమవుతుందోనన్న భయంతో.

ఆమె ఫోన్ చేసింది. అవతల ఒక నిమిషం మౌనం. తర్వాత లీడ్ గొంతు: "యాప్ వేశావా?"

"లేదు మేడం."

"ఓటీపీ చెప్పావా?"

"లేదు."

"మంచి పని చేశావు. ఆ నంబరు నాకు చెప్పు, సెక్యూరిటీ వాళ్ళకిస్తాను. ఇంకెవరికైనా వచ్చిందేమో అడుగుతారు. నువ్వు తెర మూసెయ్. నీ వరుసలోవి ఇక్కడి వాళ్ళకి పంచుతాను. రాజమండ్రిలో ఎవరైనా ఉన్నారా నీకు?"

"పిన్ని ఉంది మేడం."

"వెళ్ళు. అక్కడ కూడా నీ ఫోను నెట్టే వాడు. గది తలుపు వేసుకో."

మూడు రోజులుగా గుండెల మీద ఉన్న బండ మూడు నిమిషాల్లో దిగింది. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టి, ఆమె రెండు ముంజెలు కొనుక్కుని తింది.

ఆ సమాధానం ఇంకోలా ఉండి ఉంటే? 'అదంతా నాకు చెప్పకు, తెల్లారేసరికి పని కావాలి' అని లీడ్ అని ఉంటే? ఆ రోజు కాకపోయినా, ఇంకో రోజు ఆ పిల్ల ఫొటోలు పంపేది. దూరం నుంచి పనిచేసేవాళ్ళ భద్రతకు వీపీఎన్ ఎంత అవసరమో, ఆ ఒక నిమిషం మౌనం తర్వాత వచ్చే మాట అంత అవసరం.

1986 ఆగస్టు రాత్రి

రాజమండ్రికి బయల్దేరే ముందు రాత్రి డాబా మీద చాపలు వేసుకున్నారు. నెట్ లేని రాత్రులు కదా, ఇంటిల్లిపాదీ మాటల్లో పడ్డారు. జరిగినదంతా చెప్పాక తాతయ్య లేచి కూర్చున్నాడు.

"ఎనభై ఆరు ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర ముప్ఫై అయిదు లక్షల క్యూసెక్కులు. అంత నీరు మేమెవరం ఎన్నడూ చూళ్ళేదు. గట్టుకి రెండు మూరల కిందే గోదారి. రాత్రి లాంతర్లు పట్టుకుని, ఊరు ఊరంతా గట్టు మీదే. వరద గట్టు మీంచి దూకుతుందని అందరూ భయపడతారు. మా భయం అది కాదు. ఎలక బొరియ. ఎండ్రకాయ కన్నం. అవతలి వైపు గడ్డిలో ఓ చోట తడి కనబడుద్ది. చెంబెడు నీళ్ళు కారినట్టు. దాన్ని చూసినోడు అరవాలి. అరిస్తే పది బస్తాల ఇసకతో ఆగిపోద్ది. గంట ఆగి చెబితే లారీలు వచ్చినా ఆగదు."

"అరవకపోతే?"

"ఎందుకరవడు? ఆ ముక్క కాపలా వాడిదే అయితే అరవడు. నా వాటాలో కన్నం పడిందంటే నన్నంటారని కాలితో మట్టి తొక్కి పోతాడు. అందుకని మా సూపర్‌వైజరు ఆ రాత్రి ముందే చెప్పేశాడు. 'ఒరే, కన్నం ఎవడి వాటాలో పడినా వాణ్ణి నేనేం అనను. దాచినోణ్ణి మాత్రం వదలను' అని."

చీకట్లో ఆమె కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. పాస్‌వర్డు రాసిన క్యాలెండర్ గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆ కాగితం చింపి పొయ్యిలో వేసి, పాస్‌వర్డు మార్చాకే బయల్దేరాలనుకుంది. మార్చడానికి నెట్ లేదని గుర్తొచ్చి, రాజమండ్రిలో చేసే మొదటి పని అదేనని నిశ్చయించుకుంది.

తాతయ్య సూపర్‌వైజరు చెప్పిన సూత్రమే చట్టానికీ కావాలి. కంప్యూటర్ భద్రతా ఘటనలు చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ సరిగ్గా ఆ 2022లోనే, ఏప్రిల్ 28న, ఒక ఆదేశం ఇచ్చింది. ఘటనను గుర్తించిన 6 గంటల్లో సంస్థలు తమకు తెలపాలని. బాగుంది. కానీ ఎక్కడో పల్లెలో పొరపాటున లింకు నొక్కిన ఉద్యోగి భయంతో మూడు రోజులు దాస్తే, ఆ 6 గంటల లెక్క ఎక్కడ మొదలవుతుంది? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, భద్రతలో అలసత్వం చూపిన సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా వేయవచ్చంది. జరిమానా భయం పైవాళ్ళకు పెట్టారు, మంచిదే. కిందివాడికి ఉన్న భయం తీసేయడం సంస్థలు తమంతట తాము చేయాల్సిన పని.

పెద్ద ఇళ్ళలోనూ ఇదే

మనలాంటి పల్లెవాళ్ళకే ఇవన్నీ అనుకోనక్కరలేదు. అదే 2022లో, జనం పాస్‌వర్డులు దాచుకునే లాస్ట్‌పాస్ అనే అమెరికా సంస్థలోకి దొంగలు చొరబడ్డారు. ఆఫీసు గోడ బద్దలు కొట్టలేదు. అతి ముఖ్యమైన తాళాలు చేతిలో ఉన్న నలుగురు ఇంజనీర్లలో ఒకరి ఇంటి కంప్యూటర్‌లో దూరారు. ఆ ఇంట్లో సినిమాలు, పాటలు పెట్టుకునే ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దానిలోని లోపాన్ని సరిచేసిన రూపం 2020లోనే వచ్చింది. ఆ ఇంట్లో వేసుకోలేదు. ఆ కన్నంలోంచి దూరి, మీటల మీది వేళ్ళను చదివి, ప్రధాన పాస్‌వర్డు పట్టుకున్నారు. లక్షల మంది దాచుకున్న పెట్టెల నకళ్ళు పోయాయి. ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా 'తర్వాత' అని నొక్కే ప్రతివారూ తెలుసుకోవాల్సిన కథ ఇది.

సెప్టెంబర్‌లో ఉబర్ వంతు. ఒక కాంట్రాక్టు ఉద్యోగి పాస్‌వర్డు దొంగ చేతికి చిక్కింది. లోపలికి పోవాలంటే ఆ ఉద్యోగి ఫోనులో 'అవును, నేనే' అని నొక్కాలి. దొంగ అడుగుతూనే పోయాడు, ఒకటి తర్వాత ఒకటి. విసిగిపోయి ఆ ఉద్యోగి ఒకసారి సరే అన్నాడు. ఆ ఒక్కసారి చాలింది. మనం అడగకుండా వచ్చిన ఓటీపీ, మనం అడగకుండా వచ్చిన అనుమతి ప్రశ్న, రెండూ గడ్డిలో తడి లాంటివే. తుడిచేసి ఊరుకోకూడదు. అరవాలి.

కాలువకు నీళ్ళొచ్చాయి

ఆ ఏడాది జూన్ 1నే డెల్టా కాలువలకు గోదావరి నీళ్ళు వదిలారు. నీళ్ళొచ్చిన తర్వాత గానీ కోనసీమ అంతటా నెట్ రాలేదు. పిన్ని ఇంటి నుంచి తిరిగొచ్చిన అమ్మాయి మేడ మీద గదికి ముందు గడియ వేయించింది. తలుపు వైపు వీపు పెట్టి కూర్చునే బల్లను తిప్పి, తెర గోడ వైపు ఉండేలా వేసింది. హాట్‌స్పాట్‌కు పొడుగాటి పాస్‌వర్డు పెట్టింది. తమ్ముడి క్లాసులకు పాత ఫోను వేరే ఇచ్చింది. పాస్‌వర్డులు గోడ దిగి, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డుల పెట్టెలోకి చేరాయి. ఆఫీసు హెల్ప్‌డెస్క్ అసలు నంబరు మాత్రం పెద్ద అక్షరాలతో బల్ల మీద అతికించింది. ఐటీ వాళ్ళమని ఎవరు ఫోన్ చేసినా పెట్టేసి, ఆ నంబరుకు తనే చేస్తుంది. డబ్బు పోతే వెంటనే చేయాల్సిన 1930 నంబరు అమ్మ ఫోన్లో కూడా వేసి, "ఎవరైనా తొందర పెడితే ఫోను పెట్టేసి నన్ను పిలు" అని చెప్పింది.

ఇవేవీ గొప్ప సాంకేతిక విద్యలు కావు. గడియ, బల్ల తిప్పడం, ఒక నంబరు. ఆఫీసు మాత్రం తన వంతు చేయాలి. వీపీఎన్, పెన్‌డ్రైవ్ కట్టడి, ఎవరికి ఎంత పనో అంతే తాళం, దొంగ మెయిలు ఎలా ఉంటుందో చూపే శిక్షణ, ఇవి ఇంట్లో కూర్చున్న ఉద్యోగి సొంతంగా చేసుకోలేడు. నెట్ పోతే ఎక్కడికి వెళ్ళాలో, ఎవరికి పని అప్పగించాలో ముందే చెప్పకపోతే, జనం దొరికిన చెట్టు కిందే కూర్చుంటారు.

జూలై రెండో వారం. గోదావరికి వరద. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. డెల్టాలో చదువు రానివాళ్ళకు కూడా ఈ అంకెలు వస్తాయి. ఆ ఏడాది నీరు మూడూ దాటి 21 అడుగుల పైకి పోయింది. 25 లక్షల క్యూసెక్కులు. లంకలు మునిగాయి.

అయితే మన అమ్మాయి మొదటి హెచ్చరిక నాడే లీడ్‌కు మెయిలు రాసింది. "మేడం, ఇక్కడ మొదటి హెచ్చరిక వచ్చింది. రెండోది వస్తే నేను ల్యాప్‌టాప్‌తో రాజమండ్రి వెళ్తాను. మూడోది వస్తే కరెంటు, సిగ్నలు పోవచ్చు. నా వరుస అప్పుడు ఎవరికిస్తారో ఇప్పుడే చెప్పండి." ఆ సాయంత్రమే జవాబొచ్చింది, పేరుతో సహా.

రెండో హెచ్చరిక నాడు సంచి సర్దుకుంటుంటే తాతయ్య మెట్లెక్కి వచ్చాడు. ఎనభై ఏళ్ళ మోకాళ్ళు, ఒక్కో మెట్టు మీదా ఆగుతూ. గడియ తీసి చూసి, మళ్ళీ వేసి చూశాడు. గట్టిగా పడింది.

"తాళంచెవి?" అన్నాడు.

ఆమె తన నుదురు మీద వేలు పెట్టి చూపించింది. ఆయన తల పంకించి, లాంతరు కోసం కిందికి దిగాడు. ఆ రాత్రి ఊరు గట్టు మీద ఉండాలి.